ఉద్దానం రోగికి ఇన్‌హెచ్‌ఏ జన్యువుతో పనేమిటి?

క్షయ బ్యాక్టీరియా జన్యుపటంలో ఆర్‌వి1484 అన్న సంఖ్యతో ఉండే జన్యువు పేరు ఇన్‌హెచ్‌ఏ. 269 అమైనో ఆమ్లాలున్న ఒక ఎంజైముకు ఇది మూలం. కొవ్వు ఆమ్లాల గొలుసుకు విడతకు రెండేసి కార్బన్లు చేరుతుంటే, ప్రతి విడతలోనూ మిగిలే జంట బంధాన్ని తీసేసి గొలుసును తర్వాతి విడతకు సిద్ధం చేయడం ఆ ఎంజైము పని. అలా పెరిగిన గొలుసుల నుంచే 60 నుంచి 90 కార్బన్లుండే మైకోలిక్ ఆమ్లాలు తయారవుతాయి. మనిషి ఒంటి కొవ్వులో ఎక్కువగా ఉండేవి 16, 18 కార్బన్ల ఆమ్లాలే.

ఈ మైకోలిక్ ఆమ్లాలతోనే బ్యాక్టీరియా తన చుట్టూ మైనపు గోడ కట్టుకుంటుంది. పలాసలో జీడిపిక్కలు కాల్చేవారికి పెంకులోని జీడినూనె సంగతి బాగా తెలుసు. పప్పును పురుగు ముట్టకుండా కాచేదీ అదే, ఒలిచేవారి చేతులు పొక్కించేదీ అదే. మైకోలిక్ గోడ కూడా చాలా మందులను లోపలికి రానివ్వదు. కళ్లె పరీక్షలో ఎక్కిన ఎర్ర రంగు ఆమ్లంతో కడిగినా వదలకపోవడానికి కారణం ఈ గోడే. సూక్ష్మదర్శిని కింద క్షయ క్రిమి పట్టుబడేది అందువల్లే.

ఈ గోడ కట్టుబడిని ఆపే మందు ఐసోనియాజిడ్. దాన్ని 1912లోనే ప్రాగ్‌లో మెయర్, మాలీ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు తయారుచేశారు. క్షయకు పనిచేస్తుందని తేలింది మాత్రం 1952 ప్రాంతంలో. మందు అల్మరాలో ఉండగానే 40 ఏళ్ల పాటు జనం పిట్టల్లా రాలిపోయారంటే మనసు చివుక్కుమంటుంది. ఆ తర్వాత కథ వేగంగా మారింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి శానిటోరియాల్లో నెలల తరబడి ఉండాల్సిన అవసరం లేదనీ, ఐసోనియాజిడ్‌కు పాస్ అనే మందు కలిపి ఇంటి దగ్గరే వాడినా అంతే ఫలితం వస్తుందనీ మద్రాసు అధ్యయనం 1959లో చూపించింది. మందు దెబ్బ సరిగ్గా ఎక్కడ తగులుతోందన్నది తేలడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఇన్‌హెచ్‌ఏ జన్యువును గుర్తించింది 1994లో.

ఐసోనియాజిడ్ ఉన్నదున్నట్టుగా ఏమీ చేయలేదు. బ్యాక్టీరియాలోనే ఉండే క్యాట్‌జి అనే మరో ఎంజైము దాన్ని చురుకైన రూపంలోకి మారుస్తుంది. అప్పుడది ఇన్‌హెచ్‌ఏ ఎంజైమును పట్టుకుని పని ఆపేస్తుంది. కాబట్టి మందుకు లొంగకుండా పోవడానికి బ్యాక్టీరియాకు ముఖ్యంగా రెండు దారులున్నాయి. క్యాట్‌జి చెడితే మందు మేలుకోదు, నిరోధకత గట్టిగా ఉంటుంది. ఇన్‌హెచ్‌ఏకు ముందుండే నియంత్రణ భాగంలో, ముఖ్యంగా మైనస్ 15వ స్థానంలో, ఒక్క అక్షరం మారితే ఎంజైము మోతాదుకు మించి తయారవుతుంది. అప్పుడు మందు చాలదు. ఈ రెండో రకంలో నిరోధకత తక్కువ స్థాయిలో ఉంటుంది గనుక ఐసోనియాజిడ్ మోతాదు పెంచితే ఫలితం ఉండవచ్చు. ఇథియోనమైడ్ కూడా ఇదే ఎంజైము మీద పనిచేస్తుంది కాబట్టి అది మాత్రం అక్కరకు రాదు.

ఈ తేడా చెప్పేది లైన్ ప్రోబ్ పరీక్ష. వేలెడంత సన్నని తెల్ల పట్టీ మీద 27 చోట్ల గీతలు తేలే వీలుంటుంది. మామూలు ఇన్‌హెచ్‌ఏ గీత తేలకపోయినా, దాని పక్కన మారిన రకం గీత తేలినా ల్యాబ్ సిబ్బంది అది రాసి పంపాలి. రిపోర్టులో ‘ఐసోనియాజిడ్ నిరోధకత ఉంది’ అన్న ఒక్క ముక్కతో సరిపెడితే సగం సమాచారం పోయినట్టే. ఏ జన్యువులో మార్పు వచ్చిందన్నది కూడా డాక్టరు చేతికి అందాలి. 2014–16 జాతీయ సర్వేలో కొత్త రోగుల్లో దాదాపు 11 శాతం, అంతకుముందు మందులు వాడినవారిలో 25 శాతం మందికి ఐసోనియాజిడ్ నిరోధకత కనబడింది.

శ్రీకాకుళం జిల్లాలో ఈ సంగతికి బరువు ఎక్కువ. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతగా పాతుకుపోయిందో తెలిసిందే. దానికోసమే పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. డయాలసిస్ మీదున్నవారికి క్షయ ముప్పు మిగతావారికంటే చాలా ఎక్కువ. టెక్కలి చుట్టుపక్కల నీలి గ్రానైట్ క్వారీల్లాంటి చోట్ల రాతిపొడిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరినా ఆ ముప్పు పెరుగుతుంది.

క్షయకు మొదట ఇచ్చే నాలుగు మందుల్లో ఇథాంబుటాల్ కిడ్నీల గుండానే బయటికి పోవాలి. పోకుండా నిలిస్తే కంటి నరం దెబ్బతింటుంది. పైరజినమైడ్ విరిగాక మిగిలే పదార్థాలూ ఒంట్లో పేరుకుంటాయి. అందుకే కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి ఈ రెండూ వారానికి మూడుసార్లే ఇస్తారు. నాలుగూ కలిపిన మాత్ర వీరికి కుదరదు, విడి మాత్రలు తెప్పించాలి. రోజూ మామూలు మోతాదులో వేసుకోగలిగినవి రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్. ఐసోనియాజిడ్ చాలావరకు కాలేయంలోనే విరుగుతుంది. నరాల తిమ్మిరి రాకుండా దానికి తోడుగా బి6 మాత్ర వేయాలి.

ఐసోనియాజిడ్ చేజారితే దాని స్థానంలో లీవోఫ్లాక్సాసిన్ వస్తుంది. దాని మోతాదునూ కిడ్నీ పనితీరును బట్టి సర్దాలి. అప్పుడు నాలుగింటిలో మూడు మందులకు లెక్క చూసుకోవాల్సి వస్తుంది. అమికాసిన్ సూది కిడ్నీలనే దెబ్బతీస్తుంది కాబట్టి దాని జోలికి పోవడం మరీ ప్రమాదం. అందువల్ల ఉద్దానం రోగి కళ్లెను చికిత్స మొదట్లోనే లైన్ ప్రోబ్‌కు పంపడం తప్పనిసరి. డయాలసిస్ ఉన్న రోజున మాత్రలు డయాలసిస్ పూర్తయ్యాకే ఇవ్వాలి. ముందే వేస్తే మందులో కొంత రక్తం నుంచి వడపోతలో పోతుంది.