సంత సంతే, మడి మడే

టిక్‌టాక్ సహా 59 యాప్‌లను కేంద్రం 2020 జూన్ 29న నిషేధించింది. అది మంచిపనా కాదా అన్నది వేరే చర్చ. మా కలికిరి, పీలేరు వైపు పిల్లకాయలు ఆడి పాడి నవ్వించి సంపాదించుకున్న జనం మాత్రం ఒక్కసారిగా చెదిరిపోయారు. మళ్లీ ఇన్‌స్టాగ్రామ్‌లో మొదటినుంచీ మొదలు.

ఇది కొత్త కాదు. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. రచ్చబండ లాంటి తెలుగు సాహిత్య చర్చలు జరిగిన యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో కనుమరుగైంది. అమెరికా తెలుగువాళ్లు 1998లో మొదలుపెట్టిన 'ఈమాట' పత్రిక పాత సంచికలు మాత్రం ఇవాళ్టికీ చదువుకోవచ్చు. కారణం, దానికి సొంత చిరునామా ఉంది, పాతవాటిని కాపాడే మనుషులున్నారు.

నా పద్ధతి చెబుతాను. ఏది రాసినా ముందు సాదా టెక్స్ట్ ఫైలుగా నా కంప్యూటర్‌లో దాస్తాను. తర్వాత నా డొమైన్‌లో, అంటే నా పేరున ఉన్న వెబ్ చిరునామాలో పెడతాను. ఆ తర్వాతే దాని లింకు ఫేస్‌బుక్‌కూ వాట్సాప్‌కూ వెళ్తుంది. నెలకోసారి అన్నిటికీ ఇంకో డిస్కులో నకలు తీస్తాను.

డొమైన్ మాత్రం నీ సొంతమా అని అడగొచ్చు. కాదు, ఏటా కట్టే అద్దే. సర్వరూ అద్దెదే. కానీ సర్వర్ వాళ్లతో పొసగకపోతే ఫైళ్లు తీసుకుని ఇంకోచోటికి పోతాను, చిరునామా మారదు. చదివేవాళ్లకు ఆ సంగతే తెలీదు. ఫేస్‌బుక్‌లోంచి మన రాతల్ని దించుకునే వీలుంది గానీ, మనల్ని చదివేవాళ్లను వెంట తెచ్చుకునే వీలు లేదు. అసలు తేడా అక్కడే ఉంది.

అలాగని ఫేస్‌బుక్ లాంటివాటిని వదిలేయమనను. సొంత సైటుకు దారిన పోయేవాళ్లెవరూ రారు. జనం ఉండేది అక్కడే. టమాటా పండించే రైతు మదనపల్లె మార్కెట్‌కు తోలక తప్పదు, అట్లని మార్కెట్ యార్డులో నారు పోయడు కదా!

రాసే అలవాటున్నవాళ్లు ఈ వారం ఒక పని చేయండి. ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో మీ సమాచారాన్ని డౌన్‌లోడ్ చేసుకునే ఏర్పాటుంది, వాడండి. వచ్చిన ఫైళ్లలో పదేళ్ల తర్వాత కూడా ఎవరైనా చదవాలనిపించే వాటిని విడిగా తీయండి. ఎన్ని తేలతాయో చూశాక, డొమైన్ కొనాలా వద్దా మీకే తెలుస్తుంది.