బొమ్మకూ బొమ్మకూ మధ్య

కథ అంటే సంఘటనల వరుస అనుకునేవారు మనలో ఇంకా ఉన్నారు. వరుస వేరు, కథ వేరు. ఈ భేదం సాహిత్య విద్యార్థులకు ఎన్నిసార్లు చెప్పినా సగమే అందుతుంది. మిగతా సగం నాకే ఇటీవల కడియంలో, ఒక కళాశాల విద్యార్థులు గోడలకు అంటించిన ఛాయాచిత్రాల ముందు బోధపడింది. ఛాయాచిత్ర కళలో నాకు ప్రవేశం లేదు. అయినా కథకులకు పనికివచ్చే విషయం కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఉపాధ్యాయుడు పెట్టిన నియమం ఒక్కటే: పన్నెండు ఛాయాచిత్రాలకు మించకుండా ఒక కథ చెప్పాలి. సెల్‌ఫోనుతో తీసినవైనా సరే. కడియం, కడియపులంకల పిల్లలకు ఇతివృత్తం కోసం వెతుక్కోవలసిన పని లేదు. కళ్లు తెరిస్తే నర్సరీలే. అందుచేత గోడల నిండా మొక్కలే ఉన్నాయి.

ఇద్దరు అబ్బాయిలు చేసిన వరుస ముందుగా చెప్పాలి. మట్టి, నల్ల ప్లాస్టిక్ సంచి, కొమ్మ, అంటు, చిగురు, నీళ్ల గొట్టం, లారీ, జాతీయ రహదారి. వెలుగునీడలు చక్కగా కుదిరాయి. ఒక్క చిత్రం కూడా తప్పిపోలేదు. కాని అందులో మనుషులు చేతులుగా మాత్రమే కనిపిస్తారు. సంచి నింపే చేతులు, అంటు కట్టే చేతులు, లారీలోకి అందించే చేతులు. మొక్కకు పుట్టుక ఉంది, ఎదుగుదల ఉంది, ప్రయాణం ఉంది. దాన్ని పెంచిన మనిషికి ముఖమే లేదు. సరుకుకు చరిత్ర రాసి, శ్రమకు రాయకపోవడం ఇదే. ఆ పిల్లలు కావాలని చేశారనను. వస్తువు మీదే చూపు నిలిపితే శిల్పం తనంతట తానే ఆ దారి పడుతుంది.

బొమ్మల్లో కథ చెప్పడం మనకు కొత్తదేమీ కాదు. చేర్యాల నకాషీ పటాన్ని కథకులు కొంచెం కొంచెంగా విప్పుతూ పాడేవారు. అమరావతి శిల్పాల్లో నాలగిరి అనే ఏనుగు కథ చెక్కిన గుండ్రటి ఫలకం ఒకటి చెన్నై మ్యూజియంలో ఉంది. ఆ ఒక్క ఫలకంలోనే ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒక పక్క మదించి జనాన్ని తొక్కుతూ, మరో పక్క బుద్ధుడి ముందు మోకరిల్లి. రెండింటికీ నడుమ గీత లేదు. చూసేవాడు తన మనసులో ఆ దూరం నడవాలి. కథ ఆ నడకలో ఉంది.

ఛాయాచిత్రాలకూ ఇదే సూత్రం. 1948లో అమెరికాలో లైఫ్ పత్రిక యూజీన్ స్మిత్ తీసిన ఒక పల్లెటూరి వైద్యుడి చిత్రమాలికను ప్రచురించింది. అందులో డాక్టరు చేతిలో కాఫీ కప్పుతో, వంటింట్లో గట్టుకు ఆనుకుని నిలబడిన చిత్రం ఉంది. దాన్ని విడిగా చూస్తే ఎవరో అలసిన మనిషి. గాయపడిన పసిపాపనూ, ఆమె తల్లిదండ్రుల ముఖాలనూ చూసి వచ్చిన తరువాత అదే చిత్రం ఒక వృత్తి మోసే బరువు అవుతుంది.

ఇక నన్ను ఆపిన వరుస గురించి. ఒక అమ్మాయి చేసినది. పేరు 'శ్రమజీవి'. ఒక నర్సరీ కూలి స్త్రీ దినచర్య, పన్నెండు చిత్రాలు. ప్రతి చిత్రం కిందా వేళ రాసి ఉంది. ఉదయం 5 గంటలకు మొదలై రాత్రి 8 గంటలకు ముగుస్తుంది. నిజాయితీ ఉంది, కాని కథ నడిపింది గడియారం. ఈ మాట రాసుకుని వెళ్లిపోబోయి మళ్లీ చూశాను. ఆరో చిత్రంలో ఆమె అంటు కడుతోంది. ఏడో చిత్రంలో క్యారేజీ విప్పి అన్నం తింటోంది. ఎడమచేతి బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. ఎనిమిదిలో మళ్లీ అంట్లు. ఆ వేలు మాత్రం మిగతా వేళ్లకు ఎడంగా నిలిచి ఉంది. పన్నెండులో ఇంటి దగ్గర బిందె ఎత్తుతోంది. పీలిక తడిసి మట్టిరంగుకు తిరిగింది.

"ఈమె పేరేమిటమ్మా?" అని అడిగాను.

"మా అమ్మేనండీ."

"మరి ఆ సంగతి రాయలేదే?"

"ఎవరో ఒక కూలీ అనుకుంటేనే అందరి కథా అవుద్దనుకున్నానండీ."

"వేలికేమయింది?"

"బ్లేడు కోసుకుందండీ. మధ్యాహ్నం వచ్చేస్తే సగం పూట కూలి పోద్దని ఉండిపోయింది. రక్తం కారతా ఉన్నప్పుడు కూడా తీశానండీ. అది పెట్టొద్దంది అమ్మ."

ఆ పిల్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. 'శ్రమజీవి' అనే ఆ మాట ఆమెకు నేర్పింది మనమే. పేరూ ఊరూ తీసేస్తే మనిషి వర్గానికి ప్రతినిధి అవుతాడని మన కథల ద్వారా, మన సమీక్షల ద్వారా నేర్పాం. 1936లో కాలిఫోర్నియాలో డొరొతియా లాంగ్ ఒక వలస కూలి తల్లిని కొద్ది నిమిషాల్లో వరుసగా అనేక చిత్రాలు తీసింది. వాటిలో ఒకటి లోకమంతా తిరిగింది. లాంగ్ ఆమె పేరు అడగలేదు. ఫ్లారెన్స్ థాంప్సన్ అనే పేరు లోకానికి తెలిసింది 1978లో. ఆ చిత్రం వల్ల తనకు ఒరిగిందేమీ లేదని ఆమె బాధపడింది. నలభై రెండేళ్లు ఆమె కరువుకు చిహ్నంగానే ఉండిపోయింది. చిహ్నానికి తరువాతి బొమ్మ ఉండదు. మనిషికే ఉంటుంది.

ఇలా ఒక్క వ్యక్తిని పట్టుకుంటే సామాజిక కారణం జారిపోదా అని మిత్రులు అడగవచ్చు. జారిపోదు. ఆమెను నర్సరీలో నిలిపి ఉంచింది సగం పూట కూలి. అంతకన్న సామాజికమైన కారణం ఏముంది? అయితే ఛాయాచిత్రం గాయాన్ని చూపగలదు, కూలి లెక్కను చూపలేదు. అక్కడ అక్షరం తోడు రావాలి. వేళలు రాసిన చోట ఆ ఒక్క వాక్యం రాస్తే చాలు. తల్లి వద్దన్న రక్తపు చిత్రం అక్కరలేదు. ఆరుకూ ఏడుకూ మధ్య ఉన్న ఆ ఖాళీయే చూసేవాణ్ణి నిలదీస్తుంది. ఆమె మాటను మన్నించడం వల్ల శిల్పానికి నష్టం రాలేదు, మేలే జరిగింది.

ఈ మాటే ఆ అమ్మాయితో అన్నాను. ఆమె చిత్రాలు గోడ నుంచి ఊడదీసి బల్ల మీద పరిచింది. వేళల చీటీలు తీసేసింది. చివరికి నాలుగు చిత్రాలు మిగిలాయి: ఆరు, ఏడు, ఎనిమిది, పన్నెండు. పేరు దగ్గర మాత్రం చెయ్యి ఆగింది.

"అమ్మకు చూపించి అడుగుతానండీ" అంది.

అది సబబైన జవాబు. మన కథల్లోకి వచ్చే మనుషుల్లో ఎంతమందిని మనం అలా అడిగామో, రాసే ప్రతివాడూ తనకు తాను లెక్క చెప్పుకోవాలి.