నోట్లో చేయి పెట్టే ముందు

గేదె మేత మానేసి చొంగ కారుస్తుంటే పాడిరైతు మొదట అనుకునేది ఒకటే, గొంతులో ఏదో అడ్డం పడిందని. మామిడి టెంకో, పాలిథిన్ సంచో అయి ఉంటుందని ఒకరు గేదె తల పట్టుకుంటారు, ఇంకొకరు దవడ తెరిచి లోపలికి చేయి దూరుస్తారు. పశువైద్యుడిగా నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది ఆ చేతిని చూసే. రేబిస్ సోకిన గేదె కూడా సరిగ్గా ఇలాగే మింగలేకపోతుంది. ఆ చొంగలో వైరస్ ఉంటుంది. గడ్డి కోసే చేతికి గీతలూ గాయాలూ ఉండనే ఉంటాయి.

అందుకే నేను ముందు దూరంగా నిలబడి చూస్తాను. అరుపు బొంగురుపోయిందా? వెనక కాళ్లు తూలుతున్నాయా? ఊరికే ముక్కుతోందా? తర్వాత కుక్క కాటు సంగతి అడుగుతాను. నిన్నా మొన్నటిది కాదు, కొన్ని నెలల కిందటిదైనా సరే. పిచ్చి పట్టిన గేదె పొడవడానికి వస్తుందనే అందరూ అనుకుంటారు. కానీ మూలన నీరసంగా నిలబడి, మెల్లగా కాళ్లు చచ్చుబడిపోయేదీ ఉంటుంది. మనుషులు మోసపోయేది దాని దగ్గరే.

మెదడును తాకే జబ్బులన్నీ రేబిస్ కావు. జోరీగల వల్ల వచ్చే సర్రాలోనూ గేదె గుండ్రంగా తిరుగుతుంది, గోడకు తల ఆనిస్తుంది. రక్తపు చుక్కలో సర్రా కలిగించే పరాన్నజీవి కనబడితే మందుంది. చెడిపోయిన సైలేజీతో వచ్చే లిస్టీరియాలో ఒకవైపు చెవి, కనురెప్ప వాలిపోతాయి. తొందరగా పట్టుకుంటే యాంటీబయాటిక్స్‌తో బతికే అవకాశం ఉంది. రేబిస్ కాదని తేలేదాకా మాత్రం రేబిస్ అనుకునే గ్లౌజులు తొడుక్కుంటాను. దాన్ని ఖాయంగా తేల్చేది చనిపోయిన తర్వాత మెదడు పరీక్షే.

"ఏదో ఒకటి చేయండి సార్" అని రైతు బతిమాలుతుంటే చేతులు కట్టుకుని నిలబడటం కష్టం. లక్షణాలు మొదలయ్యాక ఆ గేదెను బతికించలేం. ఇంటివాళ్లను కాపాడుకోగలం. చొంగ తగిలిన చోట సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగించి, ఆలస్యం చేయకుండా టీకాకు ఆసుపత్రికి పంపాలి. పచ్చి పాలు తాగినవాళ్లూ డాక్టరును కలవాలి. కుక్క కరిచినా ఇంకా లక్షణాలు లేని పశువుకు గాయం కడిగి, 0, 3, 7, 14, 28 రోజుల్లో టీకాలు వేయించాలి.

మీ గేదె మింగలేకపోతుంటే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. నోట్లో చేయి మాత్రం పెట్టకండి.