ఎర మాట వినే కర్ర

జంగ్లీఘాట్‌లో తెల్లవారకముందే తెలుగు వినిపిస్తుంది. పోర్ట్‌బ్లెయిర్‌ని ఇప్పుడు శ్రీ విజయపురం అనాలట గానీ, నోటికి పాతపేరే వస్తుంది. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఆ రోజు నా పడవ నడిపిన అన్నదీ ఆ వైపే. నా చేతిలో కొత్తగా కొన్న ఎనిమిదడుగుల రాడ్డు, దారం చివర జానెడు చెక్క చేప. పగడపు దిబ్బ అంచుకు విసిరి లాగుతుంటే, ఆ చెక్క నీళ్లలో ఈదడం మానేసి కప్పలా గెంతుతోంది. పది విసుర్లు ఓపిక పట్టాడు అన్న. తర్వాత ఇంజను ఆపి, రాడ్డు కొసను రెండువేళ్లతో మెల్లగా వంచి చూసి, "కొస గట్టి బాబూ. ఎరకి ఊపిరాడ్నేదు" అన్నాడు.

ఆయన జన్మలో రాడ్డు పట్టలేదు. చేతిగాలం మనిషి. వేలి మీదుగా తంగూసు వదిలి, ఎప్పుడు బిగించాలో ఎప్పుడు జారనివ్వాలో మణికట్టుతో తేల్చుకునేవాడికి రాడ్డు గుట్టు తెలియడంలో వింతేముంది? ఆయన చెయ్యి చేసే పనినే మేం కార్బన్‌ కర్రతో చేయించబోతున్నాం.

మేం వెళ్లింది పార కోసం. మన తీరంలో పారలు ఎన్నో రకాలు. వాటన్నిటికీ పెద్దన్న లాంటిది ఈ జెయింట్‌ ట్రెవల్లీ, వేటగాళ్ల నోట జీటీ. 2006లో జపాన్‌లోని తొకారా దీవుల దగ్గర పడిన 72.8 కిలోల చేప దీని రికార్డు. సీషెల్స్‌లో ఇది నీళ్లలోంచి ఎగిరి సముద్రపక్షులను నోట కరవడం 2017లో బీబీసీ ‘బ్లూ ప్లానెట్‌ 2’లో చూసినవాళ్లకి, తేలే ఎరతో దీన్ని ఎందుకు పడతారో చెప్పక్కర్లేదు. పైన ఏదో కదిలిందంటే కింద దీనికి నిలకడ ఉండదు.

తేలే ఎరల్లో ముఖ్యమైనవి రెండు. పాపర్‌ ముఖం గిన్నెలా గుంటపడి ఉంటుంది. ఒక్కసారి గట్టిగా లాగితే ఆ గుంట నీటిని మింగి ‘బుడుంగ్‌’మని కక్కుతుంది. వెనక నురగ గీత. ఒక క్షణం ఆగి మళ్లీ లాగాలి. ఈ పనికి కొస మెత్తనైతే లాభం లేదు: మన లాగుడంతా కర్ర వంపులోనే ఖర్చయిపోయి పాపర్‌ దాకా చేరదు. స్టిక్‌బైట్‌ (నా చెక్క చేప అదే) సంగతి పూర్తిగా వేరు. కొస నీటివైపు దించి, పక్కకు పొడవుగా, తొందర లేకుండా ఈడ్వాలి. అది తల ముంచి, ఒళ్లు తిప్పుకుంటూ కాస్త దూరం ఈది, మళ్లీ పైకి తేలుతుంది. ఆ లోపల రాడ్డు ముందుకు తెచ్చి, వదులైన దారం చుట్టుకోవాలి. కొస గట్టిదైతే ఆ ఈడుపు కుదుపవుతుంది, చెక్క నీళ్లలోంచి బయటికి దూకుతుంది. నాకు జరిగింది అదే. అలలు రేగినరోజు పాపర్‌, నీళ్లు అద్దంలా ఉన్నరోజు స్టిక్‌బైట్‌ అనేది నా లెక్క. ఒక్క రాడ్డే కొనగలిగితే మాత్రం స్టిక్‌బైట్‌ది కొనండి. దాంతో పాపర్‌ని ఎలాగో ఒకలా ఆడించొచ్చు, పాపర్‌ రాడ్డుతో స్టిక్‌బైట్‌ ఆడదు.

కొత్తవాళ్లు చేసే పొరపాటు చేపను తలుచుకుని కర్ర కొనడం. రోజంతా తిరిగితే చేప తగిలేది ఒకటో రెండో సార్లు. విసిరేది మాత్రం నూరు, నూటయాభై సార్లు. ఎర బరువు 100 నుంచి 150 గ్రాములు, పైగా రీలే కిలోకు దగ్గర. మధ్యాహ్నానికి భుజాలు పట్టేశాక ఎంత బలమైన కర్ర ఉన్నా దండగే. పడవ మీదికి ఎనిమిదడుగులు చాలు. రాళ్ల మీద నిలబడి విసిరేవాళ్లకి పదడుగులు కావాలి, దూరం పడాలి కాబట్టి. కానీ కర్ర పొడవు పెరిగినకొద్దీ చేపకు మన మీద పట్టు పెరుగుతుంది. తులాదండం దాని పక్షమే.

కర్ర మొదట్లో ‘పీఈ 8’ లాంటి అంకె రాసి ఉంటుంది. పీఈ అంటే పాలిథిలిన్‌తో పేనిన దారం, అంకె జపాన్‌వాళ్ల లావు లెక్క. ఒకటో నంబరు దారం 0.165 మిల్లీమీటర్లు, నాలుగో నంబరు నాలుగింతలు కాదు, రెండింతలే, 0.33. పార వేటకు ఎనిమిది మామూలు. ఆ పక్కనే ఉండే ఎర బరువు అంకెను ఎవరూ చదవరు, అసలు చదవాల్సింది దాన్నే. ఇక పేనిన దారం రాడ్డు వలయాలకు చుట్టుకునే జబ్బు ఉన్నది కనక, వలయాల కాళ్లు ముందుకు వాలి ఉన్నాయో లేదో చూసుకోవాలి.

దుకాణంలో రాడ్డును గాలిలో ఊపి చూడడం పెళ్లిచూపుల్లో ఉప్మా తిని సంబంధం ఖాయం చేసుకున్నట్టు. రీలు బిగించి, వలయాల్లోంచి దారం తీసి, చివర స్ప్రింగ్‌ తక్కెడ కట్టి ఎవరినైనా ఐదు కిలోల దాకా మెల్లగా లాగమనండి. వంపు కొసతో మొదలై, బరువు పెరిగినకొద్దీ మొదలు వైపు జారుతూ రావాలి. ఒకేచోట మడతపడ్డట్టు వంగితే దణ్ణంపెట్టి వచ్చెయ్యండి.

ఎంత మంచి కర్రకైనా ఒక చావు ఉంది. చేప పడవ కిందికి వచ్చినప్పుడు రాడ్డును నిట్టనిలువుగా ఎత్తితే, మొదలు దగ్గరున్న బలమంతా వృథా అయి బరువు మొత్తం కొస మీద పడుతుంది. రెండేళ్ల కిందట నాకు తుపాకీ పేలినట్టు వినిపించింది. కంపెనీవాణ్ణి వారం రోజులు తిట్టుకున్నాను. తప్పు నా మోచేతులది.

ఆ ఉదయం కొస మెత్తగా ఉన్న పాత రాడ్డు బయటికి తీశాను. చెక్క ఈదింది. ఐదో ఈడుపుకు నీరు పగిలింది. చేపను పడవ పక్కకు తెచ్చేసరికి చేతులు వణుకుతున్నాయి. కొక్కెం ఒంటిది, దాని లోపలి పంటిని ముందే పటకారుతో నొక్కేసి ఉంచాం, ఇట్టే ఊడింది. అన్న తోక పట్టుకుని నీళ్లలో నిలిపి ఉంచాడు. అది ఒక్క తన్ను తన్ని నీలంలోకి దిగిపోయింది.

"ఇంత కట్టపడి ఒగ్గేత్తారేటి బాబూ?" జంగ్లీఘాట్‌లో అది ఎంత పలికేదో లెక్కగట్టి మరీ చెప్పాడు. నా దగ్గర ఆయన ఒప్పుకునే జవాబు లేదు. ఇంజను తియ్యబోతూ ఆగి, పాత రాడ్డు అందుకుని కొసను మళ్లీ రెండువేళ్లతో వంచి చూశాడు. ఈసారి ఏమీ అనలేదు.