గొంతు ముందు, వేళ్లు తర్వాత

అరకు రిసార్టుల్లో రాత్రిపూట చలిమంట చుట్టూ చేరిన ఏ గుంపులో చూసినా ఇప్పుడొక గిటారు కనబడుతుంది. విశాఖలో ఇంజనీరింగు చదివే పిల్లలు, వారాంతానికి కొండెక్కిన ఐటీ ఉద్యోగులు నాలుగు కార్డులు పట్టుకుని సినిమా పాటలన్నీ లాగించేస్తారు. సంతోషమే. వాళ్లలో కొందరికి ఏదో ఒక రోజు జాజ్ చెవిన పడుతుంది. అమెరికన్ గిటారిస్టు వెస్ మాంట్‌గమరీ 1960 నాటి రికార్డు విని నిద్ర మానుకుంటారు, ఉన్న డబ్బంతా పోసి మంచి గిటారు కొంటారు, కొన్నాళ్లు వీడియోల వెంట పడతారు. ఆ తర్వాత గిటారు గోడకెక్కుతుంది. వాళ్లకు చెవి లేక కాదు, ఓపిక లేక కాదు. సాధన ఎలా చేయాలో చెప్పే పెద్దలు దొరక్క. నా బాధల్లా ఆ విద్య వాళ్లెక్కిన కొండ దిగువనే ఉందని. విజయనగరంలో ఉంది, సాలూరులో ఉంది, బొబ్బిలిలో ఉంది.

గిటారుకు దగ్గరి చుట్టం మాండలిన్ కాబట్టి మొదట ఉప్పలపు శ్రీనివాస్ సంగతి చెప్పుకోవాలి. 1969లో పాలకొల్లులో పుట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగ మీదికి తెచ్చుకునేవాడు. ఫలానా మెట్టు మీద ఫలానా వేలు అని చూపించే మనిషి ఎదురుగా లేడు. అదే అతని అదృష్టమని నేను బల్లగుద్ది చెబుతాను. చెవిన పడిన గమకం వేలికి ఎలా రావాలో తనే వెతుక్కున్నాడు. ఆ వెతుకులాటలోనే జంట తీగల వాద్యం ఒంటి తీగల వాద్యమైంది, చివరికి ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌గా స్థిరపడింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్! పద్నాలుగేళ్ల పాలకొల్లు పిల్లవాడు జాజ్ కోసం వచ్చిన శ్రోతల ముందు కూర్చుని కర్ణాటక సంగీతం వాయించాడు. తర్వాతి రోజుల్లో జాన్ మెక్‌లాఫ్లిన్ అంతటి గిటారు విద్వాంసుడు తన ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ఆయనను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ మెక్‌లాఫ్లిన్ కూడా మన సంగీతం కోసం ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నవాడే. మాండలిన్ మీద రాగం పలకదని మొదట్లో పెదవి విరిచిన పెద్దలున్నారు. అలాంటివాళ్లు ప్రతి కాలంలోనూ ఉంటారు. 2014లో, 45 ఏళ్లకే శ్రీనివాస్ వెళ్లిపోయారు. ఆ లోటు ఇప్పటికీ పూడలేదు.

అమెరికాలోనూ పెద్దలు నడిచిన దారి ఇదే. మాంట్‌గమరీ ఇరవయ్యేళ్ల ఈడులో గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ రికార్డులు విని, ఆ వాదనాన్ని చెవితోనే ఒక్కో స్వరం పట్టుకున్నాడు. నొటేషన్ చదవడం ఆయనకు రాదు. పగలు ఫ్యాక్టరీ పని, రాత్రి సాధన. ఇంట్లోవాళ్లకు, ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలగకూడదని పిక్ పక్కనపెట్టి బొటనవేలితో మీటాడని చెప్పుకుంటారు. లోకమంతా మెచ్చిన ఆ మెత్తని నాదం అలా పుట్టింది.

గొంతుతో మొదలుపెట్టడం అంటే ఏమిటో ఒక చిన్న పాఠంలో చూపిస్తాను. జాజ్ పాటల్లో అడుగడుగునా ఎదురయ్యే వరస ఒకటుంది. డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్. సి స్వరాన్ని షడ్జమం చేసుకుంటే ఇదంతా మన శంకరాభరణంలోనే ఉంది. మొదటి కార్డుకు ప్రాణం మధ్యమం, పై షడ్జమం. రెండో కార్డుకు వెళ్లేటప్పుడు మధ్యమం కదలదు, పై షడ్జమం ఒక్క అరమెట్టు దిగి కాకలి నిషాదమవుతుంది. మూడో కార్డుకు నిషాదం అలాగే నిలబడుతుంది, మధ్యమం అంతర గాంధారానికి దిగుతుంది. అంతే, రెండే రెండు దిగడాలు. తంబూరా శ్రుతి పెట్టుకుని ‘స ని’, ‘మ గ’ అని పాడండి. కార్డు మారే క్షణం గొంతుకు ముందే తెలియాలి. ఆ తర్వాతే గిటారు తీసి ఆ స్వరాలను ఒక తీగ మీద వెతకండి, పక్క తీగ మీద వెతకండి, మెడ పైభాగంలో వెతకండి. ఒక వారం ఇది తప్ప మరేదీ ముట్టుకోనివాడికి పట్టుబడేది, వంద స్కేళ్లు బట్టీపట్టినవాడికి దొరకదు.

ఇక వేగం. సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు మూడు కాలాల్లో పాడించే పద్ధతిని మన పెద్దలు ఊరికే పెట్టలేదు. తాళం మారదు. దాని మీద స్వరం మాత్రం ఒకటి, రెండు, నాలుగుగా చిక్కబడుతుంది. జాజ్ పదబంధాన్ని కూడా ఇలాగే పట్టాలి. మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టి మొదటి కాలంలో వాయించండి. అక్కడ నాదం వణికినా, తీగ గరగరమన్నా రెండో కాలానికి వెళ్లే హక్కు లేదు. మెట్రోనోమ్ దెబ్బను ఒకటి, మూడు మీద కాకుండా రెండు, నాలుగు మీద వినడం అలవాటు చేసుకోండి. మొదట్లో కాలు జారినట్టే ఉంటుంది. నిలదొక్కుకున్నాక జాజ్ ఊపు అంటే ఏమిటో ఒంటికి తెలుస్తుంది.

నాదం అన్నాను కాబట్టి ద్వారం వెంకటస్వామినాయుడు గారిని తలవకుండా ముందుకు పోలేను. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైనప్పుడు ఆయన విద్యార్థిగా చేరడానికి వచ్చారు. ఆయన వాయిద్యం విన్నవాళ్లు విద్యార్థిగా కాదు, ఆచార్యుడిగా తీసుకున్నారు. 1936లో ఆయనే అధ్యక్షులయ్యారు. చూపు బాగా మందగించిన మనిషి. కమాను నిండా లాగి, ఒక్క స్వరాన్ని నిలబెట్టి, వయొలిన్ చేత పాట పాడించారు. 1952లో పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు నాయుడు గారి వాదనం విని ముగ్ధుడయ్యాడు. గిటారు పిల్లలకు నేను చెప్పేదొకటే, ద్వారం వారి పాత రికార్డు ఒకటి పెట్టుకుని ఒక స్వరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెవి పెట్టి వినండి. గిటారు మీటగానే నాదం కరిగిపోతుంది, నిజమే. అందుకే మీటే ఆ ఒక్క క్షణం మీద ఇంకా ఎక్కువ శ్రద్ధ కావాలి.

ఆ కళాశాలకు తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు గారు. రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఐదింటితో ఐదు తాళాలు ఒకేసారి నడిపించిన మహానుభావుడు. అంత మనకొద్దు. కాలితో ఒక లయ, చేత్తో ఇంకొక లయ పట్టినా చాలు. సాలూరు పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆ కళాశాలలోనే ఘంటసాలకు పాఠం చెప్పారు. మధూకరం ఎత్తుకుని తింటూ ఆ పిల్లవాడు నిలబెట్టుకున్న గొంతు అది. పూటకు కొంచెం, కానీ ఒక్క పూట కూడా తప్పకుండా. ఆ క్రమం ముందు నేటి ‘ముప్పై రోజుల్లో గిటారు’ కోర్సులు ఏపాటివి?

లయ ఒంటరిగా రాదు. చైత్రమాసంలో అరకు ఊళ్లలో థింసా నృత్యం చూసినవాళ్లకు ఇది నేను చెప్పనక్కర్లేదు. డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు మోగుతుంటే చేతులు వెనక పెనవేసుకున్న వరస పాములా మెలితిరుగుతుంది. బోడ థింసాలో నెమలీకల కట్ట పట్టిన మొదటి మనిషి నడిపిస్తాడు. గుండేరి థింసాలో అడుగు ముందుకు, వెనక్కు గట్టిగా పడుతుంది. చెయ్యి పక్కవాళ్ల చేతిలో ఉంది కాబట్టి ఎవరూ తొందరపడలేరు, వెనకబడలేరు. ఒకే అడుగు గంటల తరబడి తిరుగుతుంది, విసుగు రాదు. జాజ్ బృందంలో తాళం కార్డులు మోసే గిటారిస్టు పని అచ్చంగా ఇదే. కౌంట్ బేసీ బృందంలో ఫ్రెడ్డీ గ్రీన్ ఏళ్ల తరబడి సోలో జోలికి పోకుండా నాలుగు దెబ్బలూ సమంగా మోశాడు. ఆ బృందం నడక ఆయన చేతిలో ఉండేది. వారానికి ఒకసారైనా ఇంకొకరితో కూర్చుని వాయించని సాధన సగం సాధనే.

ఒంటి సంగతి మన వాళ్లు బొత్తిగా పట్టించుకోరు. ఏకబిగిన మూడు గంటలు కూర్చోవడం గొప్ప కాదు. అరగంట వాయించి, లేచి నాలుగడుగులు వేసి, మళ్లీ కూర్చుంటే చేతికీ మనసుకూ మంచిది. ఎడమ మణికట్టు మరీ వంచకండి, గిటారు మెడను బొటనవేలితో పిసకకండి, తీగలు మరీ ఎత్తులో ఉంటే బాగుచేయించండి. అరకు చలిలో చేతులు వెచ్చబెట్టుకోకుండా వేగం మొదలెట్టొద్దు. వేలి కొసలు కాయలు కాచడం మామూలే. మణికట్టు దగ్గర నొప్పి, బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్లలో తిమ్మిరి మాత్రం మామూలు కాదు. గిటారు కింద పెట్టి వైద్యుడి దగ్గరకు వెళ్లండి. జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ 1928 అగ్నిప్రమాదంలో ఎడమ చేతి రెండు వేళ్లు దెబ్బతిన్నాక, మిగిలిన వేళ్లతో కొత్త దారి కనిపెట్టాడు. అది మహాత్ముల కథ. మన పిల్లలు చేజేతులా వేళ్లు పాడుచేసుకోవడానికి ఆ కథ సాకు కాకూడదు.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. ట్యాబ్ చూసి అంకెల మీద వేళ్లు పెట్టడం, వీడియోను వేగం పెంచి పోస్టు చేయడం, దాన్నే సాధన అనుకుని ‘షెడ్డింగ్’ అని పెద్ద పేరు పెట్టుకోవడం. ఆ పిల్లవాడిని తను వాయించిన సోలోలో ఒక్క వాక్యం పాడమనండి, నోరు పెగలదు. ఇటు రిసార్టుల్లో థింసా కూడా అదే దారి పట్టింది. పావుగంట ఆట, స్పీకర్లో రికార్డు, అతిథి ఫోటోకు దిగడానికి వీలుగా వరస విప్పేయడం. తుడుము మోగని థింసా థింసా కాదు. మోరి ఊదేవాడికి కూలి దండగని మానేసిన యజమాని ఆ కొండకు చేసేది మేలు కాదు, ద్రోహం.

రిసార్టులు నడిపేవాళ్లు వాద్యగాళ్లను పిలవండి, సరైన కూలి ఇవ్వండి, ఆటను పూర్తిగా సాగనివ్వండి. గిటారు నేర్పే మాస్టర్లు పాఠం మొదలయ్యే ముందు పిల్లల చేత ఒక అలంకారం పాడించండి. గిటారు కొనిచ్చిన తల్లిదండ్రులారా, విజయనగరంలోనో విశాఖలోనో ఒక గాత్రం గురువు దగ్గర ఏడాది కూర్చోబెట్టండి. ఖర్చు గిటారు ధర కన్నా తక్కువే అవుతుంది.