నివురు కింద

చీమకుర్తిలో చలి ఎముకలు కొరికేంత ఉండదు. అయినా సంక్రాంతి రోజుల్లో ఏ దారిన పోయినా చలిమంటలే. క్వారీ దగ్గర మంటంటే నాకంత భయం లేదు. చుట్టూ గెలాక్సీ గ్రానైట్ రాయి, అంటుకునేదేముంది? మిర్చి కల్లం అలా కాదు.

కాయలు పది పదిహేను రోజులు ఎండాలి. రాత్రి మంచు తగలకుండా పట్టలు కప్పి, దొంగల భయానికి అక్కడే పడుకోవాలి. ఓ ఏడాది మా మామయ్య కల్లానికి నేను కాపలా. తెల్లవారుజామున పత్తికట్టె మంట మీదికి కాలితో నాలుగు పెళ్లల మన్ను నెట్టి, టీ తాగొద్దామని సెంటర్‌కి పోయాను. తిరిగొచ్చేసరికి గాలి మళ్లింది. పట్ట అంచు కరిగి, కింద కాయలు మాడుతున్నాయి. మిర్చి పొగ ఆర్పేవాణ్నే తరుముతుంది. దగ్గు, కళ్లనీళ్లు. కాలింది కొన్ని కాయలే. మిగతావాటికి పొగ వాసన పట్టింది. కొనేవాడు గుప్పెడు తీసి వాసన చూసి, పెదవి విరిచాడు.

"మన్ను కప్పాను గదా మామా!"

"కప్పితే ఆరుద్దంట్రా? మీ అమ్మమ్మ పొయ్యి చూళ్లేదా?"

చూశాను. రాత్రి పిడక నిప్పుల మీద బూడిద కప్పేది. పొద్దున్నే కెలికి, అగ్గిపుల్ల గీయకుండానే పొయ్యి రాజేసేది. బూడిద వేడిని బయటికి పోనివ్వదు, గాలిని కొద్దికొద్దిగానే లోపలికి రానిస్తుంది. నిప్పును నిలవ ఉంచే ఆ పద్ధతినే నేను ఆర్పడమనుకున్నాను. నివురుగప్పిన నిప్పు అనే మాటను పత్రికల్లో ఊరి గొడవలకు వాడీ వాడీ, అది నిజంగా నిప్పు సంగతేనని మరిచిపోయాం.

ఆర్పాలంటే బకెట్ నీళ్లు పోసి, కర్రతో కెలికి, మళ్లీ పోయాలి. చుయ్‌మనడం ఆగాక అరచేయి వెనక్కి తిప్పి దగ్గర పెట్టి చూడాలి. వెచ్చగా తగిలితే ఇంకో బకెట్.

శివరాత్రికి నల్లమల మీదుగా శ్రీశైలం నడిచేవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం. కాలికింద అంతా ఎండుటాకే. నిప్పు విషయంలో ప్రాణాలకు ముప్పు తెచ్చే అజాగ్రత్తకు భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ 2,000కి ఎన్ని కాయలొస్తాయో లెక్కేస్తే నవ్వొచ్చింది.

మొన్న పొద్దున రామతీర్థం దారిలో ఓ బూడిద కుప్ప కనిపించింది. మనుషుల్లేరు. ఓ కుక్క మాత్రం దాన్ని ఆనుకుని ముడుచుకు పడుకుంది. బండి ఆపి సీసాలో నీళ్లన్నీ పోశాను. చుయ్‌మంది. కుక్క లేచి, నా వంక గుర్రుగా చూసి వెళ్లిపోయింది.