ఒకే ఇంట్లో ఇద్దరు ఒంటరివాళ్లు

'ది బాబాడూక్' (2014), మలయాళ 'భూతకాలం' (2022): రెండింట్లోనూ ఉన్నది ఒక తల్లి, ఒక కొడుకు, ఒక ఇల్లు. దయ్యం అడుగుపెట్టేసరికే ఆ ఇద్దరి మధ్యా మాట పడిపోయి ఉంటుంది. నన్ను భయపెట్టింది అదే.

ఆస్ట్రేలియా దర్శకురాలు జెన్నిఫర్ కెంట్ తీసిన మొదటి సినిమా 'ది బాబాడూక్'లో తల్లి అమీలియా వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది. ప్రసవానికి ఆసుపత్రికి తీసుకెళ్తూ భర్త కారు ప్రమాదంలో పోయాడు. కొడుకు శామ్యూల్ పుట్టిందీ ఆ రోజే కనుక వాడి పుట్టినరోజు ఏనాడూ ఆ తేదీన చేయలేదు. సోదరి ఇంట్లో పార్టీలో ఒకావిడ, జిమ్‌కి వెళ్లే తీరికే దొరకడం లేదని వాపోతుంది. వింటున్న అమీలియా ముఖం చూడండి. సినిమా మొత్తంలో ఆమె ఒంటరితనం అంత నగ్నంగా బయటపడిన చోటు మరొకటి లేదు. అక్కడ ఏ దయ్యమూ లేదు, ఉన్నది నలుగురు మనుషులే.

'భ్రమయుగం'తో మనవాళ్లకూ పరిచయమైన రాహుల్ సదాశివన్ 'భూతకాలం'లో ఆ నలుగురూ కూడా అంతంతమాత్రమే. తల్లి ఆశ డిప్రెషన్‌తో నలిగే టీచరు. కొడుకు విను ఫార్మసీ చదివి ఉద్యోగం లేక ఇంట్లో పడి ఉంటాడు. దూరపు ఊళ్లో పనికి ఆమె పంపదు. వాడు లేకపోతే తనకెవరూ లేరని భయం. ఆ భయాన్నే ప్రేమ అనుకుంటుంది. రాత్రిళ్లు తనకేదో వినిపిస్తోందని కొడుకు మొత్తుకుంటే, తన జబ్బే వాడికీ వచ్చిందేమోనని హడలిపోతుంది. నమ్మడం మాత్రం చేతకాదు. ఆశ పాత్రలో రేవతి ఇదంతా దాదాపు గొంతు పెంచకుండానే నటించింది. కేరళ రాష్ట్ర ఉత్తమ నటి పురస్కారం ఆమెకు రావడం న్యాయం.

ముగింపుల దగ్గర మాత్రం నా ఓటు కెంట్‌కే. 'భూతకాలం' చివర్లో తప్పంతా ఇంటి గతం మీదికి పోతుంది. తల్లీకొడుకులు ఒకరినొకరు పట్టుకుని బయటపడతారు. కళ్లు చెమర్చే దృశ్యమే, కాదనను. కానీ ఆశ మనోవ్యాధి ఆ అద్దె ఇంటిది కాదు కదా, ఇల్లు మారితే వదిలిపోవడానికి! దాన్ని అంత ఓపికగా చూపించిన దర్శకుడు ఆఖర్న పక్కన పెట్టేశాడు. కెంట్ సినిమాలో అమీలియా తన భూతాన్ని నేలమాళిగలోనే ఉంచుతుంది, గిన్నెలో వానపాములు పట్టుకెళ్లి పెడుతుంది. అది ఇంకా గర్జిస్తూనే ఉంటుంది, ఆమె వణుకుతూనే ఉంటుంది. అయినా ఆ ఏడు శామ్యూల్ పుట్టినరోజు సరిగ్గా ఆ తేదీనే చేస్తారు. ఆ దుఃఖం ఎక్కడికీ పోలేదని ఒప్పుకున్నాకే కొడుక్కి ఆ రోజు దక్కింది.